ఉండుండి కరెంటు పోయే పాత కారు: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

స్పీడ్ బ్రేకర్ మీద చక్రం పడుతుంది. డ్యాష్‌బోర్డు ఒక్క క్షణం చీకటైపోతుంది, ఇంజను దగ్గినట్టు ఒక కుదుపు ఇస్తుంది, మళ్ళీ అన్నీ మామూలే. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం బడికి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పిల్లాడిలా బుద్ధిగా నడుస్తుంది.

మా 1998 మోడల్ మారుతి 800 నన్ను ఇలా ఆరు నెలలు ఆడించింది. మొదట బ్యాటరీ మార్చారు. తర్వాత డైనమో విప్పి బ్రష్షులు వేశారు. ఆ తర్వాత ఇంజనుకు స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ కూడా కొత్తదే. ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండేది, అయిదో రోజు మళ్ళీ మొదలు. చివరికి సూర్యాపేటలో రోడ్డు పక్క చెట్టు కింద చిన్న బల్ల వేసుకుని పనిచేసే ఒక పెద్దాయన, బానెట్ ఎత్తకుండానే అడిగాడు: "ఆగిపోయినప్పుడు హారన్ మోగిందా బాబూ?"

"చూడలేదు బాబాయ్" అన్నాను.

"మరి చూడకుండా బ్యాటరీ ఎందుకు మార్చావు?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఉండుండి వచ్చే లోపం విషయంలో ఏది చచ్చింది అన్నదానికంటే, దానితో పాటు ఏవి చచ్చాయి, ఏవి బతికున్నాయి అన్నది ముఖ్యం. అది తెలిస్తే సగం వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు. తెలియకపోతే కారులో సామాన్లన్నీ వరసగా మార్చుకుంటూ పోవడమే.

ఇక్కడ మారుతి 800ని ఉదాహరణగా పెట్టుకున్నాను. కానీ అంబాసిడర్, జీపు, జెన్, ఎస్టీమ్, ఏ పాత 12 వోల్టుల బండికైనా పద్ధతి ఇదే.

ముందు కరెంటు నడిచే దారి తెలుసుకోండి

బ్యాటరీ ప్లస్ నుంచి ఒక లావు కేబుల్ నేరుగా సెల్ఫ్ మోటారుకు వెళ్తుంది. అక్కడే ఇంకో వైరు మెయిన్ ఫ్యూజు గుండా, కొన్ని బళ్ళలో ఫ్యూజిబుల్ లింకు (ఫ్యూజులా కరిగిపోయే వైరు ముక్క) గుండా, కారు లోపలికి వస్తుంది. లోపల అది రెండు పాయలవుతుంది. ఒక పాయ తాళంతో పనిలేని వాటికి, అంటే చాలా బళ్ళలో హారన్, బ్రేక్ లైటు, లోపలి లైటు వంటి వాటికి. రెండో పాయ ఇగ్నిషన్ స్విచ్‌కి వెళ్ళి, తాళం తిప్పాక అక్కడి నుంచి ఫ్యూజ్ బాక్సుకీ, కాయిల్‌కీ, మీటర్లకీ వెళ్తుంది. వెళ్ళిన కరెంటంతా బాడీ రేకు గుండా, ఎర్త్ వైర్ల గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగి రావాలి. రాకపోక రెండూ సరిగా ఉంటేనే బల్బు వెలుగుతుంది. చాలామంది వెళ్ళే దారినే వెతుకుతారు, తిరిగొచ్చే దారిని మర్చిపోతారు.

కారు ఆగి ఉన్నప్పుడే ఒక పని చేయండి. తాళం తీసేసి ఒక్కొక్క స్విచ్చీ నొక్కుతూ, తాళం లేకుండా ఏవి పనిచేస్తున్నాయో కాగితం మీద రాసుకోండి. మోడల్‌ను బట్టి, మధ్యలో ఎవరో చేసిన వైరింగ్ పనిని బట్టి ఈ జాబితా మారుతుంది. అందుకే పుస్తకంలో చూసి కాదు, మీ బండిలో చూసి రాసుకోవాలి. ఆ కాగితం డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. రేపు రోడ్డు మీద అదే మీ మ్యాపు.

కరెంటు పోయిన ఆ క్షణంలో

ముందు ప్రాణం, తర్వాత పరిశీలన. ఇంజను ఆగిపోతే, పెడల్‌కి బలం ఇచ్చే బ్రేకు బూస్టర్‌లో ఒకటి రెండు సార్లు నొక్కడానికి సరిపడా వ్యాక్యూమ్ మాత్రమే మిగులుతుంది. పెడల్‌ను పదేపదే పంపు కొట్టకండి, ఒక్కసారి గట్టిగా నొక్కి పట్టుకోండి. బండి దొర్లుతుండగా తాళాన్ని లాక్ దాకా తిప్పకండి, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. పక్కకు తీసి ఆపాక, తాళాన్ని కదపకుండా, అంటే ఆన్‌లోనే ఉంచి, చూడండి.

హారన్, లోపలి లైటుతో సహా అన్నీ చచ్చాయా? అయితే లోపం మొదట్లోనే ఉంది: బ్యాటరీ టెర్మినళ్ళు, మెయిన్ ఎర్త్, మెయిన్ ఫ్యూజు. తాళంతో పనిలేనివన్నీ బతికుండి, తాళంతో వచ్చేవన్నీ ఒకేసారి చచ్చాయా? అప్పుడు ఇగ్నిషన్ స్విచ్, దానికి వచ్చే వైరు, దాని వెనక కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు), ఈ మూడింటిలో ఒకటి. ఈ రెండో రకం నేను ఎక్కువగా చూశాను. పాత బండి అనగానే అందరి చెయ్యీ ముందు బ్యాటరీ మీదకే పోతుంది కాబట్టి, ఎక్కువ డబ్బు తగలేసేది కూడా ఇదే.

ఇంజను ఆగింది గానీ డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ లైటూ, ఆయిల్ లైటూ వెలుగుతున్నాయంటే తాళం దాకా కరెంటు బాగానే ఉంది. కాయిల్, దాని స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ వైపు చూడండి. 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐ బండైతే, అంటే కార్బురేటర్ లేకుండా కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే బండైతే, మెయిన్ రిలే, పెట్రోలు పంపు రిలే వైపు చూడండి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్. వాటిలో తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకు దగ్గర పంపు ఒకటి రెండు సెకన్లు 'జుయ్' మనాలి. ఆ చప్పుడు రాకపోతే మీరు వెతకాల్సిన చోటు బాగా చిన్నదైపోయినట్టే.

ఇక బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలగడం, హెడ్‌లైటు వేస్తే పెట్రోలు ముల్లు కదలడం లాంటి దెయ్యపు చేష్టలు కనిపిస్తే అది దాదాపు ఎర్త్ సమస్యే. తన సొంత ఎర్త్ పోయిన బల్బు కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుంది.

ఇవన్నీ ఒక డైరీలో రాయండి: తేదీ, ఎంతసేపు నడిచాక, ఎండా వానా, గతుకా మలుపా, అప్పుడు ఏవేవి వేసి ఉన్నాయి. నాలుగైదు సార్లు రాస్తే చాలు. నా డైరీలో అన్ని సార్లూ ఒకటే రాసుంది: గతుకు, అదీ మధ్యాహ్నం ఎండలో అరగంట నడిచాకే.

సామాను

ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక టెస్ట్ బల్బు, 10 నంబర్ స్పానర్, ఎమిరీ కాగితం, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, కొంచెం వాజలిన్. టెస్ట్ బల్బు అంటే 12 వోల్టుల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు, చివర క్లిప్పులు. షాపులో కొననక్కర్లేదు.

మీటర్ ఉండగా బల్బు ఎందుకు అంటారా? వైరు జాయింటు తుప్పు తిని తగిలీ తగలనట్టు ఉన్నా మీటర్ 12.6 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బు మాత్రం దాదాపు 1.75 ఆంపియర్లు అడుగుతుంది. ఆ వైరు అంత ఇవ్వలేదు, బల్బు మసకబారుతుంది. పని చెప్పకుండా కొలిచిన కొలత అబద్ధం చెబుతుంది. ఎంపీఎఫ్‌ఐ బళ్ళలో ఈసీయూకి, అంటే ఇంజను కంప్యూటరుకి, వెళ్ళే సన్న సిగ్నల్ వైర్లకు మాత్రం ఈ బల్బు తగిలించకండి.

ఇంకో హెచ్చరిక. మీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీకి పెట్టారో, నేరుగా షార్టే. పెట్టే ముందు ప్రతిసారీ చూసుకోండి.

మొదటి పని: బ్యాటరీ, దాని మెడ

రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో చార్జింగ్ ఇస్తోంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇవి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

డైనమో పరీక్ష పేరుతో ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు కొందరికి ఇంకా ఉంది. అసలు డైనమోలు ఉన్న కాలంలో అది చెల్లింది. ఇప్పుడు మనం డైనమో అని పిలుస్తున్నది నిజానికి ఆల్టర్నేటర్. టెర్మినల్ పీకితే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి దాని డయోడ్లు పోతాయి. ఎవరైనా ఆ పని చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

టెర్మినల్ క్లాంపును చేత్తో తిప్పి చూడండి. పిసరంత కదిలినా లూజే. విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున పెట్టాలి. తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన నీళ్ళతో కడగండి, ఆ నీళ్ళు సెల్స్ లోపల పడకుండా చూసుకోండి. తర్వాత పోస్టునీ, క్లాంపు లోపలి వైపునీ ఎమిరీతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వాజలిన్ పూయండి. పైకి నున్నగా కనిపిస్తూనే లోపల నల్లటి పొర కట్టిన క్లాంపులు చాలా ఉంటాయి. అందుకని విప్పకుండా 'బానే ఉంది' అనకండి.

ఎర్త్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి

ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. అంటే బాడీకీ ఇంజనుకీ మధ్య కరెంటు దారి ఒక ఎర్త్ పట్టీ మీదే ఆధారపడి ఉంటుంది. ఆ పట్టీ తెగితే సెల్ఫ్ మోటారు అడిగే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు వేరే దారి చూసుకుంటుంది: యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్. సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ వేడెక్కిందంటే కేబుల్ జోలికి పోకండి, ఎర్త్ చూడండి.

ఇప్పుడు అసలు పరీక్ష. దీన్ని వోల్టేజ్ డ్రాప్ అంటారు, అంటే కరెంటు నడిచే దారిలోనే ఎంత వోల్టేజీ ఖర్చైపోతోందో కొలవడం. మీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. నల్ల వైరు మొనను బ్యాటరీ మైనస్ పోస్టుకే గుచ్చండి; క్లాంపుకు కాదు, మధ్యలో నిలబడిన సీసం పోస్టుకు. ఎర్ర మొనను ఇంజను మీద రంగు, జిడ్డు లేని చోట పెట్టండి. కాయిల్‌కి వచ్చే సన్న వైరు పీకేస్తే ఇంజను అందుకోకుండా తిరుగుతుంది. ఇంట్లో ఎవరినైనా పిలిచి నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. మీటర్ 0.2 లోపు ఆగితే ఆ దారి బాగుంది. 0.5 దాటితే ఎక్కడో తుప్పు తింటోంది.

ఎక్కడ అన్నది ఇప్పుడు మొన జరుపుకుంటూ తెలుసుకోవచ్చు. ఎర్ర మొనను ఇంజను నుంచి పట్టీ బోల్టు మీదకి, అక్కడి నుంచి పట్టీ లగ్గు (చివరనున్న లోహపు కన్ను) మీదకి, ఆ తర్వాత బ్యాటరీ క్లాంపు మీదకి తెస్తూ ప్రతిచోటా సెల్ఫ్ కొట్టించండి. 0.6 చూపించిన మీటర్ ఒక అడుగు జరపగానే 0.1కి పడిపోయిందంటే ఆ రెండు చోట్ల మధ్యే దొంగ ఉన్నాడు. బోల్టు విప్పి, లగ్గు కిందా రేకు మీదా రుద్దేయండి. ఇదే పరీక్ష బాడీకి, డ్యాష్‌బోర్డు కింద ఎర్త్ బోల్టుకు హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి చేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళ బళ్ళకు ఎర్త్ బోల్టులే మొదటి అనుమానం కావాలి.

ఓమ్‌లలో కొలిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. దారిలో 0.1 ఓమ్ అడ్డు ఉంటే చాలు, దాదాపు 0.9 వోల్టు అక్కడే ఖర్చైపోతుంది. మామూలు మీటర్ వైర్లకే అంత అడ్డు ఉంటుంది, ఇక అది ఏం కొలుస్తుంది?

వెళ్ళే దారి: ఫ్యూజులు, తాళం

ఫ్యూజిబుల్ లింకును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగండి. రబ్బరులా సాగిందంటే పైతొడుగు బానే ఉండి లోపల లోహం కరిగిపోయిందని అర్థం. ఫ్యూజులను కంటితో చూసి వదిలేయకండి. లోడు వేసి రెండు కాళ్ళ దగ్గరా టెస్ట్ బల్బు పెట్టండి. ఫ్యూజు బాగుండి దాన్ని పట్టుకునే క్లిప్పు వదులైనా లోపం ఉండుండే వస్తుంది. ఫ్యూజు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి ఉంటే అక్కడ వేడి పుడుతోంది. సిగరెట్ పెట్టె రేకు చుట్టిన ఫ్యూజు కనిపిస్తే, ముందు యజమానిని మనసులో నాలుగు తిట్టి, సరైన ఆంపియర్ల ఫ్యూజు వేయండి.

ఇగ్నిషన్ స్విచ్‌కి వద్దాం. స్టీరింగ్ కింది కవరు విప్పితే తాళం వెనక కప్లర్ కనిపిస్తుంది. హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపర్లు వేసి, స్విచ్‌లోకి వచ్చే లావు వైరుకూ బయటికి వెళ్ళే ఇగ్నిషన్ వైరుకూ మధ్య వోల్టేజ్ డ్రాప్ చూడండి. 0.2, మహా అయితే 0.3. అంతకు మించితే లోపలి కాంటాక్టులు కాలాయి. తాళంగుత్తికి పది తాళాలు వేలాడదీసే వాళ్ళ బళ్ళలో ఇది త్వరగా వస్తుంది. చాలా మోడళ్ళలో తాళం అలాగే ఉంచి వెనక స్విచ్ మాత్రం మార్చుకోవచ్చు, బండికి రెండు తాళాలు మోయనక్కర్లేదు.

కదిపి, వేడి చేసి, తడిపి

ఇన్ని చేసినా దొరక్కపోతే లోపాన్ని మనమే రప్పించాలి. తాళం ఆన్ చేసి, టెస్ట్ బల్బును ఇగ్నిషన్ వైరుకు తగిలించి, వైరింగును జానెడు జానెడుగా కదుపుతూ రండి. ఒకేసారి మొత్తం ఊపితే ఏది కదిలి బల్బు ఆరిందో తెలియదు. రిలేలను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఎండలోనే వచ్చే లోపమైతే స్విచ్‌నీ, రిలేలనీ ఒక్కొక్కటిగా హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. వానలో వచ్చేదైతే నీళ్ళ స్ప్రే. తలుపు తీసి వేస్తే వస్తుందా, స్టీరింగ్ తిప్పితే వస్తుందా చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే బళ్ళకు బ్యాటరీ వెనకా, ఇంజనుకీ లోపలి సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ (ఫైర్‌వాల్) దగ్గరా ఎలుకల పంటిగాట్లు వెతకండి.

బయట షాపుల్లో తర్వాత బిగించినవాటిని అన్నిటికంటే ఎక్కువ అనుమానించండి: అలారం, సెంట్రల్ లాకింగ్, మ్యూజిక్ సిస్టమ్, గ్యాస్ కిట్. కంపెనీ వైరింగ్ పాతికేళ్ళు నిలబడుతుంది, దాన్ని కోసి మెలేసి టేపు చుట్టిన జాయింటు అయిదేళ్ళు నిలబడటం గొప్ప.

నాలుగు చిన్న దీపాలు

పెద్దాయన నాకు చెప్పిన పద్ధతి ఇది, అప్పటికప్పుడు బల్ల మీదే తయారుచేసి ఇచ్చాడు. రెసిస్టర్ లోపలే ఉన్న 12 వోల్టుల ఎల్ఈడీ దీపాలు నాలుగు తీసుకోండి. ఒకటి బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా. రెండోది ఇగ్నిషన్ స్విచ్‌లోకి వచ్చే వైరు నుంచి. మూడోది కాయిల్ ప్లస్ నుంచి. ఈ మూడింటి మైనస్‌లూ ఒకే వైరుతో బ్యాటరీ మైనస్ పోస్టుకే వెళ్ళాలి, బాడీకి కాదు. నాలుగోది ఎర్త్ కోసం: దాని ప్లస్ బ్యాటరీ నుంచి, మైనస్ డ్యాష్‌బోర్డు కింద బాడీకి. ప్లస్ వైర్లన్నిటికీ మొదట్లోనే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. వైర్లు పెడల్స్‌కి, స్టీరింగ్‌కి తగలకుండా కట్టి, దీపాలను డ్యాష్‌బోర్డు మీద వరసగా అతికించండి.

ఫిలమెంట్ బల్బు ఇక్కడ పనికిరాదు. క్షణంలో పదో వంతు కరెంటు పోతే ఫిలమెంట్ ఎర్రగానే ఉండి ఆ విషయం దాచేస్తుంది, ఎల్ఈడీ మాత్రం కన్ను కొట్టినట్టు ఆరి వెలుగుతుంది. మామూలు మల్టీమీటర్ కూడా సెకనుకు రెండు మూడు సార్లే కొలుస్తుంది కాబట్టి ఇలాంటివి తప్పించుకుపోతాయి.

పక్కన ఒకరిని కూర్చోబెట్టి, దీపాలు చూడటం వాళ్ళకు అప్పగించండి, మీరు రోడ్డు చూడండి. నాలుగూ ఆరితే బ్యాటరీ పోస్టు దగ్గరే లోపం. మొదటిది వెలిగి రెండూ మూడూ ఆరితే మెయిన్ ఫ్యూజు నుంచి స్విచ్ దాకా. మూడోది ఒక్కటే ఆరితే స్విచ్ లేదా దాని అవతల. నాలుగోది ఒక్కటే ఆరితే ఎర్త్.

మా ఆవిడ పక్కన కూర్చుంది. మధ్యాహ్నం రెండున్నరకి, మూడో స్పీడ్ బ్రేకర్ మీద, "చివరి నుంచి రెండోది కొట్టుకుంది" అంది. అంటే మూడోది. స్టీరింగ్ కవరు విప్పి చూస్తే స్విచ్ కప్లర్ నుంచి బెత్తెడు దూరంలో నల్లటి టేపు చుట్ట. ఎప్పుడో అలారం బిగించిన షాపువాళ్ళు ఇగ్నిషన్ వైరును కోసి, అలారం రిలే గుండా తిప్పి, చివరలు చేత్తో మెలేశారు. ఎండకు టేపు జిగురు కరిగి జారింది. లోపల రాగి నల్లబడింది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ మెలిక విడిపోయి కలిసేది. మూడు సామాన్లు కొన్న డబ్బు అక్కడ, ఆ బెత్తెడు టేపు కింద ఉంది.

బాగుచేసేటప్పుడు

నల్లబడిన రాగి మీద టంకం అంటదు. వైరు పైతొడుగు ఒలుచుకుంటూ ఎర్రటి రాగి కనిపించేదాకా వెనక్కి వెళ్ళండి, ఒక్కోసారి మూడు నాలుగు అంగుళాలు పోతుంది. అదే మందం కొత్త ముక్క వేసి, టంకం పెట్టి, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు ఎక్కించి, కదలకుండా పక్క వైర్లకు కట్టండి. అలారం లాంటిది వాడకపోతే పూర్తిగా తీసేసి కంపెనీ వైరు దారిని తిరిగి కలపండి. నేను అదే చేశాను. కప్లర్ పిన్నులు వదులైతే సన్న మొనతో నొక్కి బిగువు తేవచ్చు గానీ, ప్లాస్టిక్ కరిగిన కప్లర్‌ను మార్చడమే మేలు. హెడ్‌లైట్ల కరెంటు స్విచ్ గుండానే పోతుంటే ఒక రిలే పెట్టించండి.

బండి నిలబెట్టిన రాత్రి బ్యాటరీ దిగిపోవడం వేరే జబ్బు, దీనితో కలపకండి. దానికి బండి ఆపి అరగంట ఆగాక, మైనస్ వైపు ఎన్ని మిల్లీఆంపియర్లు పోతున్నాయో చూడాలి. 50 లోపు మామూలే, 100 దాటితే ఒక్కో ఫ్యూజు తీస్తూ వెతకాలి.

పని అయ్యాక దీపాలు వెంటనే పీకేయకండి. డైరీలో రాసుకున్న అదే రోడ్డు మీద, అదే ఎండలో, అవే గతుకుల మీద నడపండి. నేను రెండు వారాలు ఉంచాను. ఆ తర్వాత మూడు తీసేశాను గానీ కాయిల్ దీపం మాత్రం అలాగే వదిలేశాను. ఇప్పటికీ స్పీడ్ బ్రేకర్ వస్తే మా ఆవిడ చూపు దాని మీదకే పోతుంది.